కాకా ఎప్పుడూ ముందు తాగలేదు

కాకా పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఉప్పుతో పళ్లు తోముకుంటున్నాను. టూత్‌పేస్టు నాలుకను మొద్దు చేస్తుందని మూడేళ్ల కిందట ఆయన పెట్టిన నియమం అది. ఫోన్ చేసింది మల్లేశ్. మా గోదాములో లోడింగ్ పని, కాకా రూమ్‌లోనే ఉంటాడు. "మేడమ్, కాక లేస్తలేడు. డ్యూటీకి టైం అయితుందని లేపిన. ఒళ్లు సల్లగైంది," అన్నాడు. ఎవరో తెలిసి కూడా "ఎవరు?" అని అడిగాను. అటునుంచి ఏడుపు వినిపించింది.

ఏమైందని మావారు లోపలినుంచి అడుగుతున్నారు. ఆయన పుదీనా పేస్టు తీసి మళ్లీ తోముకున్నాను. ఇక ఎవరి కోసం ఈ ఉప్పు అనిపించింది. నోరంతా చల్లగా మండుతుంటే అక్కడే బేసిన్ పట్టుకుని ఏడ్చాను.

కాకా నాకు చుట్టం కాదు. ఆయనది జగిత్యాల వైపు పల్లె, నాది కాకినాడ. మా వైపు అయితే బాబాయ్ అనాలి. మొదటి రోజు అలాగే పిలిస్తే "గట్ల పిలిస్తే ఇంకెవల్నో పిలిచినట్టుంటది బిడ్డా, కాకా అను" అన్నారు. అప్పటినుంచి కాకానే. మస్కట్‌లో, బౌషర్ దగ్గర మూలికలూ మసాలాలూ కలిపి ప్యాక్ చేసే చిన్న కంపెనీ మాది. అందులో రుచి చూసే ఉద్యోగం ఆయనది. ఆయన కింద నాది.

మేం ఎక్కువగా చూసేది మాతే. మీలో చాలామంది ఈ పేరు విని ఉండరు. దక్షిణ అమెరికాలో పెరిగే ఒక చెట్టు ఆకు. ఆరబెట్టి, కొన్నిచోట్ల పొగబెట్టి, నలిపి పంపుతారు. సిరియా వాళ్లకు అది లేకపోతే పొద్దు గడవదు, ఇక్కడ వాళ్లు చాలామందే ఉన్నారు. చిన్న కప్పు నిండా ఆకు వేసి, వేడి నీళ్లు పోసి, అడుగున చిల్లులున్న స్టీలు గొట్టంతో పీలుస్తారు. కళపెళా మరిగిన నీళ్లు పోశారో, చేదు దిగి నోరు ముడుచుకుపోతుంది. మా కంపెనీ ఆ ఆకులో ఏలకులు, ఎండు నిమ్మ, గులాబీ రేకులు, ఇక్కడి కొండల్లో దొరికే వాము వాసన జాతర్ ఆకు కలిపి అమ్ముతుంది. పాళ్లు కాస్త అటూ ఇటూ అయితే తాగేవాడు రెండోసారి కొనడు.

కాకా ఒమన్ వచ్చింది రుచులు చూడ్డానికి కాదు, బస్తాలు మోయడానికి. ఆయన తల్లి బీడీలు చుట్టేదట. చిన్నప్పటినుంచీ తునికాకు మధ్యనే పెరిగారు. ఒకరోజు మాతే బస్తా దించుతూ గుప్పెడు ఆకు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపారట. "ఇది తడిసి ఆరిన ఆకు, పనికిరాదు" అన్నారట. లేబర్‌వాడికి ఏం తెలుసని అందరూ నవ్వారు. మా ఒమనీ యజమాని, అర్బాబ్, నవ్వలేదు. బస్తా విప్పించి చూశాడు. ఆ నెలలోనే కాకాను గోదాములోంచి టేస్టింగ్ రూమ్‌లోకి మార్చాడు. ఈ కథ కాకా నాకు వందసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ చెవి దగ్గర వేళ్లు నలిపి చూపించేవారు.

నేను చేరింది లోకమంతా మూతికి గుడ్డలు కట్టుకున్న ఆ రోజులు అయిపోయాక. ఉద్యోగానికి పదిమంది దాకా వచ్చాం. నాకంటే చదువుకున్నవాళ్లు, టీ కంపెనీల్లో చేసి వచ్చినవాళ్లు ఉన్నారు. కాకా ఒక్కొక్కరిని లోపలికి పిలిచి మూడు కప్పులు ముందు పెట్టారు. నేను మొదటిది తాగాను, రెండోది తాగాను. మూడోది నోట్లో పెట్టుకునేసరికి ఆయన లేచి నిలబడ్డారు. నేనింకా ఏమీ చెప్పలేదు. "చాలు బిడ్డా, నువ్వే," అన్నారు. చిన్నప్పటినుంచి మా అమ్మ నన్ను తిట్టే తిట్టు ఒకటే, నా మొహం మీద ఏదీ దాగదని. పెళ్లిచూపుల్లో కాఫీ బాగాలేదని కూడా నా మొహమే చెప్పేసింది. అలాంటి నాకు ఏ గొప్ప నాలుక కనిపించి ఉద్యోగం ఇచ్చారో అప్పుడు అర్థం కాలేదు.

ఆ గది గురించి చెప్పాలి. కిటికీ లేదు. గోడలు తెలుపు, బల్ల తెలుపు. వాసన చెదురుతుందని ఫ్యాన్ పెట్టలేదు, రుచి చూసేటప్పుడు ఏసీ కూడా కట్టేస్తాం. పూలు, అత్తరు, తలనూనె, పౌడరు ఏవీ పనికిరావు. ఊరగాయ అస్సలు వద్దన్నారు. గోదావరి జిల్లా పిల్లని ఆవకాయ మానమనడం అన్యాయం కాదా అంటే "నాలుక కావాల్నా, తొక్కు కావాల్నా?" అని నవ్వారు. సరిగ్గా ట్యూబ్‌లైట్ కింద, ఆయనకు ఎదురుగా కూర్చోవాలి. పక్కకు తిరగకూడదు. నేను ముందు తాగాలి.

నేను జుర్రితే ఒక్క క్షణం ఆగి ఆయన జుర్రేవారు. బావిలోకి అరిస్తే తిరిగి వినిపించినట్టు ఉండేది. జుర్రి, తొట్టిలో ఉమ్మి, మళ్లీ నా వైపే చూసేవారు. రెప్ప వేసేవారు కాదు. మొదటివారంలోనే ఇంటికొచ్చి "ఆయన చూపు బాగాలేదండీ" అన్నాను మావారితో.

"బాగాలేదంటే? చెడ్డగా చూస్తాడా?"

"అలా కాదు. నా మొహంలో ఇంకెవరో ఉన్నట్టు, వాళ్లతో మాట్లాడుతున్నట్టు చూస్తారు."

మావారు నవ్వేశారు. నాకు మాత్రం ఆ చూపు అలవాటవడానికి నెలలు పట్టింది. ఏలకులు ఎక్కువయ్యాయని నేను అనుకునేలోపే "ఇలాచి జర ముందుకొచ్చింది గదా బిడ్డా" అనేవారు. నిమ్మ పులిసిందని నాకు తోచేలోపే "నిమ్మ మంచిగ లేదు" అనేవారు. నా తలలోకి వచ్చి చూసి పోతున్నట్టు ఉండేది. ఇంకో విచిత్రం. నాకు జలుబు చేసిన రోజున ఆయనకూ చేసేది. ఒక్కసారి కాదు, ప్రతిసారీ. "నాకు గూడ ముక్కు పట్టింది, ఇయ్యాల రుచి బంద్" అనేవారు. ఆఫీసులో అందరూ మీ ఇద్దరిదీ ఒకే ముక్కా అని ఏడిపించేవాళ్లు. నేను సెలవు మీద ఊరెళితే తిరిగొచ్చేదాకా ఏ మిశ్రమమూ బయటికి పోయేది కాదు. ఆకు ఇంకా కుదురుకోలేదని అర్బాబ్‌కి చెప్పి ఆపేవారు.

ఒకసారి ఒక లాట్ రుచి చూస్తుంటే నాకు ఏదో తేడాగా అనిపించి, మళ్లీ నా భ్రమేనేమో అనుకుని "బాగుంది" అన్నాను. కాకా చెయ్యి బల్ల మీద గట్టిగా పడింది. "లేదు. తడి గోనె వాసనున్నది. నీకు తెలిసింది, ఎందుకు అబద్ధం ఆడుతున్నవ్?" అన్నారు. నాకు తోచింది సరిగ్గా అదే, తడి గోనె. బస్తాలు విప్పితే అడుగు వరసంతా బూజు. అందరూ కాకాను మెచ్చుకున్నారు. ఆయన నాతో అన్నది ఒకటే. "తాగినంక ఆలోచన చేయకు బిడ్డా. తాగేటప్పుడు ఏమైందో గదే రుచి." ఆ మాట నేను ఇంట్లో పప్పు రుచి చూసేటప్పుడు కూడా అనుకుంటాను.

సిరియా నుంచి వచ్చిన కొనుగోలుదారు ఒకాయన మా పద్ధతి చూసి కంగారుపడ్డాడు. మాతే పోసే పెద్దమనిషి మొదటి కప్పు తనే తాగాలట, మొదటి నీళ్ల చేదు ఇంకొకరికి ఇవ్వకూడదట. "నువ్వు ఈ అమ్మాయితో ముందు తాగిస్తున్నావేం?" అని వచ్చీరాని హిందీలో కాకాను అడిగాడు. కాకా గొట్టం నా వైపు తిప్పి ఇస్తూ "మా దగ్గర ఆడబిడ్డకే మొదలు" అన్నారు. నేను పొంగిపోయాను. నిజం చెబుతున్నాను, ఆ మాట ఫోన్ చేసి మా అమ్మకు కూడా చెప్పుకున్నాను.

రుస్తాఖ్ అనే ఊళ్లో జరిగిన సంగతి మాత్రం నన్ను చాలారోజులు వెంటాడింది. ఎండు నిమ్మకాయలు కొనడానికి ఇద్దరం వెళ్లాం. పాత బజారులో చిన్న కొట్టు, లోపల లుబాన్ పొగ. అది మన సాంబ్రాణి లాంటిదే, ఇంకాస్త నిమ్మగా ఉంటుంది. ముసలి కొట్టతను ఒక నల్ల నిమ్మకాయ పగలగొట్టి కాకా ముక్కు దగ్గర పెట్టాడు. నేను కాకా వెనక నిలబడి ఉన్నాను. అక్కడికే కుళ్లు కంపు గుప్పుమంది. కాకా గుండెల నిండా పీల్చి "బహుత్ అచ్ఛా" అన్నారు. ఆ ముసలాయన నవ్వడం కోసం చూశాను, తమాషాకి అన్నారనుకుని. ఎవరూ నవ్వలేదు. కాకా వెనక్కి తిరిగి నా మొహం చూసి, వెంటనే "నహీ, నహీ, ఖరాబ్ హై" అన్నారు. ముసలాయన కాకా కళ్లలోకి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మేం అక్కడున్నంతసేపూ ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ధర, బరువు అన్నీ నాతోనే. పక్కన మనిషే లేనట్టు. తిరుగుదారిలో కారులో కాకా వేళ్లతో ఒక నిమ్మకాయను నొక్కుతూనే ఉన్నారు.

ఇలాంటి మనిషి నిద్రలోనే పోయారు. కాగితాలన్నీ పూర్తయి ఆయన్ని గురువారం ఊరికి పంపించాం. అదే రోజు అర్బాబ్ నన్ను పిలిచాడు. రంజాన్ సరుకు, కొత్త మాతే మిశ్రమం సిద్ధంగా ఉంది. ఆదివారం నేను కాకా బదులు రుచి చూసి సంతకం పెట్టాలి. "కర్ సక్తీ హో? నహీ తో అభీ బోలో," అన్నాడు. చేతకాకపోతే ఇప్పుడే చెప్పు, ఇంకొకరిని తెచ్చుకుంటాను అని. చేస్తానన్నాను. మూడేళ్లలో ఒక్క లాట్ కూడా నేను ఒక్కదాన్నే తేల్చలేదు. నేనేం చెప్పినా "నాకూ గదే దొరికింది" అని ఆయన అన్నాకే సంతకం. ఆ మాట లేకుండా నా నాలుకను నేను నమ్మగలనా అన్నదే నా భయం.

శుక్రవారం మధ్యాహ్నం మావారూ నేనూ కాకా రూమ్‌కి వెళ్లాం. మిగిలిన సామాను సర్దడానికి మల్లేశ్ రమ్మన్నాడు. గోదాముల వెనక వరసలో మూడో గది. మంచం, దుప్పటి, గోడకు ఒక దేవుడి పటం. అల్మరాలో నాలుగు పెద్ద సీసాల నిండా కారప్పొడి, ఎర్రగా.

"ఇవెవరివి?" అన్నాను.

"కాకవి."

"కాకా కారం తినరు కదా. పెరుగన్నమేగా?"

మల్లేశ్ మావారి వైపు చూశాడు, నా వైపు చూశాడు. తలుపు దగ్గరికి వేశాడు. "మేడమ్, ఎవలకూ చెప్పకుండ్రి. అందరు మూతికి గుడ్డలు కట్టుకున్నప్పుడు ఆ జ్వరం వచ్చినప్పటి సంది కాకకు వాసన లేదు, రుచి లేదు. కారం మంట ఒక్కటే తెలుస్తుండె. రోజూ అన్నం మీద గుప్పెడు పోసుకునేటోడు. కండ్లల్ల నీళ్లు కారంగ తినేటోడు. ఇంటికాడ భార్యకు ఫోన్ చేసి ఏం వండినవని అడుగుతుండె. ఆమె ఎల్లిపాయ పోపు నుంచి మొత్తం చెప్పాలె. కండ్లు మూసుకుని ఇంటుండె."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నా నోరు కట్టేసి, ఆవకాయ మాన్పించి, ఈ మనిషి ఇక్కడ కూర్చుని గుప్పెళ్లతో కారం తిన్నాడా? మూడేళ్లు నన్ను మోసం చేశాడా? ఆ కోపం నిలబడనేలేదు, దాని వెనకే భయం వచ్చింది. అయితే ఆ గదిలో ఇన్నాళ్లూ రుచి చూసింది ఎవరు?

మల్లేశ్, కాకా తలగడ కింద నుంచి ఒక నోటు పుస్తకం తీసిచ్చాడు. "నాకు సదువు రాదు. ఇంటికి పంపేదేమో చూడుండ్రి," అన్నాడు. గళ్ల నోటుబుక్కు, గుండ్రటి చేతిరాత. మొదటి పేజీలో పైన "బిడ్డ" అని ఉంది. కింద వరసగా రాసుకున్నారు.

"కుడి కనుబొమ్మ జర లేస్తే ఇలాచిల తేడా. ముక్కు పక్కన గీత పడితే తడి. కింది పెదవి లోపలికి పోతే నిమ్మ పులిసింది. రెండు కండ్లు చిన్నగైతే పొగ ఎక్కువ. గొంతు కదిలినంక కూడ మొహం కదలకపోతే మంచిగున్నది, పంపొచ్చు."

పేజీలకు పేజీలు నా మొహమే. నాకు తెలియని నా మొహం. ఎడమ చెంప ఎప్పుడు వణుకుతుందో, ఏ మసాలాకు ఊపిరి ఎక్కడ ఆగుతుందో. నేను ఆ పుస్తకం మూసేసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. మావారు "ఏం రాశాడు?" అని అడిగితే చేతులు తియ్యాలనిపించలేదు. ఎవరో ఇంకా చూస్తున్నట్టే అనిపించింది.

ఇంటికొచ్చాక ఆఖరి పేజీ చదివాను. "బిడ్డ ఇప్పుడు తాగంగనే నా దిక్కు చూస్తున్నది. నేను చెప్పాలని ఆగుతున్నది. నాకేం తెలుసు? అంతా ఆమెదే. ఈ సంగతి ఎట్ల చెప్పాలె? చెప్తే బస్తాల కాడికి పోవాలె, లేకుంటే ఇంటికి. ఇంకొన్ని దినాలు చూద్దాం." అప్పుడు ఏడ్చాను. కరువుతీరా ఏడ్చాను. మూడేళ్లు ఒక మనిషి నా ఎదుట కూర్చుని భయపడుతుంటే, నేను ఆయన్ని చూసి భయపడ్డాను.

ఆదివారం ఉదయం ఆ గదిలోకి ఒంటరిగా వెళ్లాను. ఏసీ కట్టేశాను. కొత్త మిశ్రమం కప్పులో వేసి, నీళ్లు పోసి, ట్యూబ్‌లైట్ కింద నా చోట్లో కూర్చుని జుర్రాను. ఏమీ లేదు. వేడి నీళ్లు, అంతే. మళ్లీ తాగాను. ఏలకులు లేవు, గులాబీ లేదు, చేదైనా లేదు. కాకాకు వచ్చిందే నాకూ వచ్చిందేమో అనిపించింది. బయట అర్బాబ్ తిరుగుతున్న చెప్పుల చప్పుడు వినిపిస్తోంది.

అప్పుడు ఫోన్ తీశాను. ఎదుటి కుర్చీలో, కాకా మొహం ఉండే ఎత్తులో డబ్బా మీద డబ్బా పేర్చి ఫోన్ నిలబెట్టాను. వీడియో పెట్టి ఇంకోసారి తాగాను. తర్వాత శబ్దం తీసేసి, నోటుబుక్కు పక్కన తెరిచి పెట్టుకుని చూశాను. ఆయనకు ఉన్నది నా మొహం ఒక్కటే కదా. తెర మీద నేను కప్పు వంచాను, జుర్రాను. నాకేమీ తెలియని ఆ క్షణంలోనే నా కుడి కనుబొమ్మ వెంట్రుకవాసి లేచి దిగింది. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ లేచింది.

"ఏలకులు బాగాలేవు, సరుకు ఆపండి," అని రాసి సంతకం పెట్టాను. అర్బాబ్ మొహం మాడ్చుకున్నాడు. మర్నాడు బస్తాలు విప్పితే, ఏలకుల బస్తాను ఎవరో సబ్బుపొడి పెట్టెల మధ్య వారం రోజులు ఉంచారని తేలింది. దగ్గరికి పోతే మల్లేశ్ కూడా పట్టేంత వాసన. నన్ను ఆ ఉద్యోగంలో ఉంచారు. కాకా సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను, మా అర్బాబ్‌కు తెలుగు రాదన్న ధైర్యంతో. ఆయన తప్పు చేశారని మీలో ఎవరైనా అంటే నేను వాదించను. నా మొహం మీద ఉన్నది నాకంటే ముందు నమ్మిన మనిషి ఆయన ఒక్కరే, ఆ కృతజ్ఞత నాకు చచ్చేదాకా ఉంటుంది.

ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు, వివరాలు గుర్తుకు రావాలని ఆ వీడియో మళ్లీ పెట్టాను. ఈసారి శబ్దంతో. మధ్యాహ్నం, పిల్లలు బడికి వెళ్లారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వీడియోలో నేను జుర్రాను, కప్పు దించాను, ఎదురుగా, కాకా మొహం ఉండే చోటికి కళ్లెత్తి చూశాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నా గొంతు నెమ్మదిగా "ఊఁ" అంది. ఒక మనిషి ఒక మాట చెప్పేంతసేపు ఆగి, మళ్లీ "ఊఁ" అంది. అలా అన్నట్టు నాకు గుర్తు లేదు. తెర మీద నేను ఇంకా అటే చూస్తున్నాను, కప్పు మీద ఆవిరి లేస్తోంది, వినాల్సింది ఇంకా ఉన్నట్టు కొద్దిగా ముందుకు వంగాను.